చిరుతలు లేని దేశంలో చిరుత కనిపిస్తే

1995 జులైలో బ్రిటన్ వ్యవసాయ శాఖ ఒక నివేదిక బయటపెట్టింది. ఇంగ్లండ్ నైరుతి మూలన, కార్న్‌వాల్‌లో బాడ్మిన్ మూర్ అని ఒక బీడు కొండల ప్రాంతం ఉంది. అక్కడ నల్ల చిరుత లాంటిదేదో తిరుగుతోందని, గొర్రెల్ని చంపుతోందని రైతులు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటే, ప్రభుత్వం నిపుణుల్ని పంపి నెలల పాటు దర్యాప్తు చేయించింది. అలాంటి జంతువు ఉందనడానికి గట్టి ఆధారం ఒక్కటీ దొరకలేదని, అలాగని లేదని రుజువు చేయడమూ కుదరదని వాళ్లు తేల్చారు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఒక 14 ఏళ్ల కుర్రాడికి అక్కడి ఫోయీ నదిలో పెద్ద కోరలున్న పుర్రె దొరికింది.

లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్లు దాన్ని పరీక్షించారు. అది చిరుతదే. అక్కడితో ఆగిపోయి ఉంటే రైతుల మాటే నెగ్గేది. కానీ మ్యూజియం వాళ్లు ఇంకొంచెం దగ్గరగా చూశారు. పుర్రె వెనక భాగాన్ని ఎవరో నున్నగా కోసేశారు. ఎముక మీద సన్నటి కత్తి గాట్లు ఉన్నాయి, తోలు ఒలిచేటప్పుడు పడేలాంటివి. లోపల ఒక బొద్దింక గుడ్ల తిత్తి ఇరుక్కుని ఉంది. అది ఉష్ణమండలపు బొద్దింక, బ్రిటన్ చలికి ఆరుబయట బతకదు. అంటే ఆ చిరుత చచ్చింది ఎక్కడో వేడి దేశంలో. తలతో సహా నేల మీద పరుచుకునే చర్మంగా మారి ఇంగ్లండ్ చేరింది. ఆ తలలోని పుర్రెనే ఎవరో ఏటి పాలు చేశారు.

పుర్రె అసలుది, చిరుత అసలుది, దొరికిన చోటూ అసలుదే. అయినా బాడ్మిన్‌లో చిరుత ఉందనడానికి అది పనికిరాలేదు. ఈ వ్యవహారంలో తికమకంతా ఇలాంటిదే.

చిరుతలు, పులులు, సింహాలు, ప్యూమాలు ఉండని చోట అవి కనిపించాయన్న వార్త రాగానే మనం అడిగేది ఒకటే: "నిజంగా ఉందా, లేదా?" ఆ ఒక్క మాటలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఆ మనిషి చూసింది ఏమిటి? అక్కడ ఎప్పుడైనా అలాంటి జంతువు ఒక్కటైనా తిరిగిందా? అవి పిల్లల్ని కని, తరాల తరబడి అక్కడే బతుకుతున్నాయా? మూడింటికీ జవాబులు వేరు. నమ్మేవాళ్లు రెండో ప్రశ్నకు సాక్ష్యం చూపించి మూడోది కూడా రుజువైపోయిందంటారు. నమ్మనివాళ్లు మూడోది అసాధ్యమని చెప్పి, చూశానన్నవాణ్ణి అబద్ధాలకోరును చేస్తారు. వాదన ఎన్నాళ్లు సాగినా తెగకపోవడానికి సగం కారణం ఇదే.

దొరికినవి ఉన్నాయి

రెండో ప్రశ్నకు జవాబు సూటిగా చెప్పొచ్చు: తిరిగాయి. ఇందులో దాపరికం ఏమీ లేదు. 1980లో స్కాట్లండ్ కొండల్లో కానిచ్ దగ్గర ఒక రైతు బోను పెట్టి ఆడ ప్యూమాను పట్టుకున్నాడు. ప్యూమా అమెరికా ఖండాల జంతువు, స్కాట్లండ్‌లో దానికేం పని? జూకి తీసుకెళ్లి చూస్తే బాగా బలిసి ఉంది, మనుషులంటే బెదురు లేదు, గోకితే సంతోషంగా గుర్రుమనేది. ఎవరో పెంచుకుని వదిలేసిందని అర్థమైపోయింది. ఫెలిసిటీ అని పేరు పెట్టారు. 1985లో చనిపోయాక దాని చర్మాన్ని బొమ్మలా నింపి ఇన్వర్నెస్ మ్యూజియంలో పెట్టారు. 2001లో ఉత్తర లండన్‌లోని గోల్డర్స్ గ్రీన్‌లో, అదీ ఇళ్ల పెరళ్లలో, ఒక కుర్ర లింక్స్ (పొట్టి తోక, చెవుల కొసన కుచ్చులు ఉండే అడవి పిల్లి) దొరికింది. దానికి మత్తు ఇంజెక్షన్ కొట్టి పట్టుకున్నారు.

ఇవి ఎలా వచ్చాయన్నదానికి బ్రిటన్‌లో అందరూ చెప్పే కథ ఒకటుంది. 1960లలో అక్కడ డబ్బున్నవాళ్లు సింహం పిల్లనో చిరుత పిల్లనో కొనుక్కుని ఇంట్లో పెంచుకోవచ్చు, అడిగేవాడు లేడు. 1969లో ఇద్దరు కుర్రాళ్లు లండన్‌లోని హారోడ్స్ దుకాణంలో సింహం పిల్లను కొన్నారు. క్రిస్టియన్ అనే ఆ సింహాన్ని తర్వాత కెన్యా తీసుకెళ్లి వదిలారు. 1976లో ప్రమాదకర అడవి జంతువుల చట్టం వచ్చింది. లైసెన్సు తీసుకోవాలి, ఇన్సూరెన్సు ఉండాలి, తనిఖీలకు ఒప్పుకోవాలి. ఈ తలనొప్పి ఎందుకని కొందరు రాత్రికి రాత్రే కారులో తీసుకెళ్లి కొండల్లో వదిలేశారని చెబుతారు. అలా వదిలానని తర్వాత బహిరంగంగా ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు. అప్పటికి అది నేరం కూడా కాదు. పరాయి జాతి జంతువుల్ని అడవిలో వదలకూడదన్న చట్టం వచ్చింది 1981లో.

ఈ కథను నేను కొట్టిపారేయను. కానీ అన్నిటికీ ఇదే తాళంచెవి అనుకోవడం పొరపాటు. బ్రిస్టల్ మ్యూజియంలో ఒక లింక్స్ ఉంది. 20వ శతాబ్దం మొదట్లో డెవన్‌లో ఎవరో కాల్చి చంపారు. రెండు కుక్కల్ని చంపిందని దాని మీద కోపం. అది చాలా ఏళ్లు మ్యూజియం సామానులో పడి ఉంది. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో శాస్త్రవేత్తలు దాని ఎముకల్ని, పళ్లను పరీక్షించి అది కెనడా లింక్స్ అని తేల్చారు. కొన్ని పళ్లు ఊడిపోయాయి, మిగిలినవాటి మీద గార గట్టిగా పట్టేసింది. వేటాడి తినే జంతువు పళ్లు అలా తయారుకావు, బోనులో చాలాకాలం బతికి ఉండాలి. 1976 చట్టానికి ఏడు దశాబ్దాల ముందే ఎవరిదో జంతువు తప్పించుకుందన్నమాట. సర్కస్‌లు, ఊరూరా తిరిగే జంతు ప్రదర్శనలు, సరదా పెంపకాలు ఉన్న ప్రతిచోటా ఇది జరుగుతూనే ఉంది. దొంగచాటుగా పెంచుకునేవాడు తన చిరుత పారిపోయిందని పోలీసులకు ఫోన్ చేయడు కదా. ఏ జూలోనూ లెక్క తప్పలేదు కాబట్టి బయట ఏమీ లేదనడం అందుకే కుదరదు.

సంతతి ఉందంటే లెక్కలు కుదరాలి

మూడో ప్రశ్న దగ్గర నేను ససేమిరా అంటాను, కనీసం ఇప్పటివరకూ ఉన్న ఆధారాలతో. అడవిలో చిరుత బతికేది మహా అయితే 12 నుంచి 15 ఏళ్లు. 1976లో వదిలినవి 1990లకల్లా అయిపోవాలి. కానీ ఈనాటికీ బ్రిటన్‌లో "నల్ల చిరుతను చూశాం" అనేవాళ్లు తగ్గలేదు. అవన్నీ నిజమైతే అక్కడ మగవీ ఆడవీ కలుస్తూ, ఈనుతూ, పిల్లలు పెరుగుతూ ఉండాలి. అలాంటప్పుడు శవాలు కూడా దొరకాలి.

ఫ్లోరిడాను చూడండి. అక్కడ మిగిలిన ప్యూమాలు ప్రభుత్వ అంచనా ప్రకారం 120 నుంచి 230 మధ్య. చిత్తడి అడవుల్లో ఉంటాయి, మనిషి కంటపడటం అరుదు. అయినా చాలా ఏళ్లలో 20కి తక్కువ కాకుండా వాహనాల కింద పడి చస్తున్నాయి. కనిపించని జంతువు కూడా రోడ్డు దాటాల్సిందే, దాటేటప్పుడు కొన్ని చస్తాయి. బ్రిటన్ లాంటి రోడ్లమయమైన దేశంలో చిరుతలు గుంపుగా కాకపోయినా పాతిక ముప్పై ఉన్నా, ఇన్ని దశాబ్దాల్లో లారీ కింద పడ్డ చిరుతలు వరసగా దొరికి ఉండాలి. అలా దొరికిన పరాయి పిల్లుల్లో చెప్పుకోదగ్గవి చిన్న జాతులే. 1988లో హేలింగ్ ద్వీపంలో రోడ్డు పక్క చచ్చి పడి ఉన్న జంగిల్ క్యాట్ ఒకటి. అది ఆసియాలో రెల్లు పొదల్లో తిరిగే అడవి పిల్లి, చిరుత కాదు.

వెతకలేదు కాబట్టి దొరకలేదనే వాదన కూడా ఒకటుంది. వెతికారు. 1983లో ఎక్స్‌మూర్ ప్రాంతంలో ఒక రైతు మూడు నెలల్లో వందకు పైగా గొర్రెలు పోయాయన్నాడు. రాయల్ మెరైన్స్ కమాండోలు తుపాకులతో కొండల్లో మాటు వేశారు. ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

కన్ను చేసే లెక్క

ఇక మొదటి ప్రశ్న. నాకు అన్నిటికంటే ఆసక్తి ఉన్నది ఇదే. చూశామని చెప్పేవాళ్లలో ఎక్కువ మంది అబద్ధం చెప్పరు. రైతులు, పోలీసులు, డ్రైవర్లు, అడవి జంతువుల్ని రోజూ చూసేవాళ్లు కూడా వాళ్లలో ఉంటారు. ఏదో ఒకటి చూసే ఉంటారు. అదేమిటన్నదే ప్రశ్న.

మన కన్ను దూరాన్ని బట్టి సైజును లెక్కగడుతుంది. పక్కన చెట్టో గేటో మనిషో ఉంటే లెక్క సరిగ్గా వస్తుంది. ఖాళీ కొండవాలు మీద, మసక వెలుతురులో ఆ ఆసరా ఉండదు. ఇంటి పిల్లి భుజం ఎత్తు దాదాపు 25 సెంటీమీటర్లు, చిరుతది 60 పైచిలుకు. 60 మీటర్ల దూరంలో ఉన్న పిల్లి, 150 మీటర్ల దూరంలో ఉన్న చిరుత కంటికి ఒకే సైజులో కనిపిస్తాయి. దూరం విషయంలో మెదడు ఒక్కసారి తప్పితే చాలు, మిగతా కథ అదే అల్లుకుంటుంది. పిల్లి ఒళ్లు, పిల్లి నడక, పొడుగాటి తోక అన్నీ సరిపోతాయి కాబట్టి అనుమానం కూడా రాదు.

బాడ్మిన్ దర్యాప్తు బృందం చేసిన మంచి పని ఈ పాయింటు దగ్గరే ఉంది. జనం తీసిన ఫొటోలు, వీడియోలు పట్టుకుని అవే స్థలాలకు వెళ్లారు. అదే గోడ పక్కన, అదే గేటు పక్కన కొలతల కర్ర నిలబెట్టి మళ్లీ ఫొటో తీశారు. రెండూ పక్కపక్కన పెడితే భీకరంగా కనిపించిన ఒక మృగం ఎత్తు అడుగు దగ్గర ఆగిపోయింది. అది నల్ల పిల్లి, ఇంటి పిల్లి. ఎవరైనా మీకు ఇలాంటి ఫొటో పంపితే అడగాల్సింది కూడా ఇదే: ఆ జంతువు పక్కన కొలవదగ్గ వస్తువు ఏముంది? రెండో గుర్తు చెవులు. తల మీద నిక్కబొడుచుకున్న కోసు చెవులుంటే ఇంటి పిల్లి. చిరుతకు పెద్ద తల మీద చిన్న గుండ్రటి చెవులుంటాయి.

2012 ఆగస్టులో ఎసెక్స్ తీరంలో సెలవులకు వచ్చినవాళ్లు పొలంలో సింహాన్ని చూశామన్నారు. సాయుధ పోలీసులు దిగారు, హెలికాప్టర్లు తిరిగాయి, జూ నిపుణులు వచ్చారు. చివరికి అందరి వేళ్లూ ఆ పక్కనే ఉండే ఒక పెంపుడు పిల్లి వైపు తిరిగాయి. మెయిన్ కూన్ అనే భారీ జాతి, నారింజ రంగు, పేరు టెడ్డీ బేర్. అంతకు ముందు ఏడాది హ్యాంప్‌షర్‌లో ఇంకా ఘోరం. తెల్ల పులి కనిపించిందని పోలీసులు హెలికాప్టర్ పంపితే, వేడిని పసిగట్టే కెమెరాలో పులి ఒంట్లో వేడే లేదు. కాసేపటికి హెలికాప్టర్ గాలికి అది దొర్లింది. బొమ్మ!

2023 జులైలో బెర్లిన్ శివార్లలోని క్లైన్‌మాఖ్నోలో సంగతి వేరు, అక్కడ వీడియో ఉంది. రాత్రిపూట పొదల్లో ఆడసింహం లాంటిది తిరుగుతున్న ఆ క్లిప్ చూసి పోలీసులు సీరియస్‌గా తీసుకున్నారు. జనాన్ని ఇళ్లలోంచి బయటికి రావద్దన్నారు. డ్రోన్లు, వందకు పైగా పోలీసులు, పశువైద్యులు, వేటగాళ్లు... ఏ జూలో, ఏ సర్కస్‌లో సింహం తగ్గలేదు. రెండో రోజు మేయర్ విలేకరుల ముందు ఒక చిత్రం పట్టుకుని చూపించారు. సింహం వీపు దాదాపు సమంగా ఉంటుంది, వీడియోలోని జంతువు వీపు వంపు తిరిగి ఉంది. కాళ్లూ తోకా కూడా పొసగలేదు. అది అడవి పంది అయ్యే అవకాశమే ఎక్కువని చెప్పి గాలింపు ఆపేశారు. నవ్వుకోవడం తేలికే గానీ, పోలీసులు చేసిందాంట్లో తప్పు పట్టడానికి నాకేం కనబడదు. నాన్నా పులి కథలో చివరిసారి నిజంగానే పులి వస్తుంది.

రంగు సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడే సాక్ష్యాలు తమకు తామే అడ్డం తిరుగుతాయి. అమెరికాలో ఎంతోమంది "బ్లాక్ పాంథర్" చూశామంటారు. ఉత్తర అమెరికాలో చాలాచోట్ల ఉండగల పెద్ద మార్జాలం ప్యూమా ఒక్కటే, నల్ల ప్యూమా ఒక్కటి కూడా ఇంతవరకూ నిర్ధారణ కాలేదు. నల్లగా పుట్టేవి చిరుతలు, జాగ్వార్లు. చిరుతల్లో కూడా నలుపు తక్కువే, మలయా ద్వీపకల్పంలో మాత్రం దాదాపు అన్నీ నల్లవే. బ్రిటన్‌లో కనిపించినవాటిలోనూ నల్లవి లెక్కకు మించి ఉండటం చూస్తే, ఊళ్లలో తిరిగే నల్ల పిల్లుల మీదికే నా అనుమానం పోతుంది. అయితే నల్ల చిరుతల్నే ఇష్టపడి పెంచుకున్నవాళ్లు వదిలితే? రెండు నల్ల చిరుతలు కలిస్తే పుట్టే పిల్లలన్నీ నల్లవే. కాబట్టి రంగు ఒక్కదాన్ని పట్టుకుని తీర్పు చెప్పలేం.

ఆస్ట్రేలియాది ఇంకో రకం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు ముద్దుగా తెచ్చుకున్న ప్యూమాల్ని వదిలి వెళ్లారని అక్కడి కథ. 2005లో గిప్స్‌ల్యాండ్‌లో ఒక వేటగాడు భారీ నల్లటి జంతువును కాల్చాడు. డీఎన్ఏ పరీక్షలో అది మామూలు పిల్లి జాతే అని వచ్చింది. అడవి పట్టిన పిల్లులు ఆస్ట్రేలియా అంతటా ఉన్నాయి, కొన్ని బాగా పెరుగుతాయి.

చూసినవాడే నిజమైన సందర్భాలు

ఇంతా చెప్పాక, అధికారులే తలదించుకోవాల్సిన కేసు ఒకటి చెప్పకపోతే అన్యాయం. 2011 మార్చిలో అమెరికా వన్యప్రాణి శాఖ తూర్పు ప్యూమా అంతరించిపోయిందని ప్రకటించింది. మూడు నెలల తర్వాత, జూన్‌లో, న్యూయార్క్‌కు దగ్గర్లోని కనెటికట్ రాష్ట్రంలో ప్యూమాను చూశామని జనం చెప్పడం మొదలుపెట్టారు. కొద్ది రోజులకే మిల్‌ఫర్డ్ దగ్గర హైవే మీద ఒక కారు దాన్ని గుద్దేసింది. కుర్ర మగ ప్యూమా, దాదాపు 63 కిలోలు. ఎవరో పెంచుకున్నదై ఉంటుందని అందరూ అనుకుంటారు కదా. డీఎన్ఏ చూస్తే అది దక్షిణ డకోటాలోని బ్లాక్ హిల్స్ ప్యూమాల సంతతి. అంతేకాదు, దారిలో మిన్నెసోటాలో, విస్కాన్సిన్‌లో దొరికిన పెంట, వెంట్రుకలు కూడా ఈ ఒక్క జంతువువే. 2,400 కిలోమీటర్లకు పైగా నడిచి వచ్చింది.

ఎందుకంత దూరం? ప్యూమాల్లో ఆడవి తల్లి ఉన్న చోటికి దగ్గర్లోనే స్థిరపడతాయి. కుర్ర మగవి పెద్ద మగవాటి చేత తన్నులు తిని బయటికి పోతాయి. ఆడతోడు దొరికేదాకా ఆగవు. ఆడవి రాని వైపు వెళ్తే ఎన్నటికీ దొరకదు, నడుస్తూనే ఉంటాయి. అందుకే కొత్త చోట ముందు కనిపించేది సాధారణంగా ఒంటరి మగదే. దాని వెనక సంతతి ఉండదు. 2019 ఫిబ్రవరిలో గుజరాత్‌లో జరిగిందీ అలాంటిదే. మహిసాగర్ జిల్లాలో ఒక టీచరు కారులోంచి పులిని ఫొటో తీశాడు. ఆ రాష్ట్రంలో పులి అన్నది కనిపించి రెండు దశాబ్దాలు దాటింది. కొద్ది రోజుల్లోనే అటవీ శాఖ కెమెరా ట్రాప్‌లో కూడా పడింది, నిజమైన పులే. ఆ నెలాఖరుకు అది చచ్చి కనిపించింది.

సాక్షి చూసింది నిజమే, అనుకున్నది మాత్రం కాదనే సందర్భాలూ ఉన్నాయి. స్కాట్లండ్‌లో పెద్ద నల్ల పిల్లులున్నాయని జనం చెబుతుంటే పట్టించుకోలేదు. 1984లో కెల్లస్ అనే ఊరి దగ్గర ఒకటి దొరికింది. పరీక్షిస్తే అక్కడి అడవి పిల్లికీ ఇంటి పిల్లికీ పుట్టిన సంకరం. చిరుత కాదు గానీ, కట్టుకథ కూడా కాదు.

మరి ఎలాంటి ఆధారం సరిపోతుంది? చచ్చిన గొర్రె సరిపోదు. గొర్రెలు రోగంతో చస్తాయి, కుక్కలు చంపుతాయి, తర్వాత నక్కలు, కాకులు చేరి చీల్చేస్తాయి. ఉదయం చూసినవాడికి ఏదో క్రూరమృగం పని లాగే ఉంటుంది. 2012లో గ్లాస్టర్‌షర్‌లో చచ్చిన జింకల మీద వార్విక్ యూనివర్సిటీ పరీక్షలు చేస్తే చిరుత జాడ రాలేదు, నక్కది వచ్చింది. అడుగు గుర్తుల్లో గోళ్ల ముద్ర పడితే సాధారణంగా కుక్కే, పిల్లి జాతి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తాయి.

నిజంగా ఉన్న జంతువు ఎంత త్వరగా బయటపడగలదో 2025 జనవరిలో స్కాట్లండ్‌లోనే తెలిసింది. కెయిర్న్‌గార్మ్స్ కొండల్లో కింగ్‌యూసీ దగ్గర ఎవరో దొంగచాటుగా నాలుగు లింక్స్‌లను వదిలారు. కనిపించాయన్న కబురు అందిన నాలుగు రోజుల్లోపే కెమెరాలు, ఎర పెట్టిన బోన్లతో నాలుగింటినీ పట్టేశారు, ఒకటి తర్వాత చనిపోయింది. అవి మనుషులకు అలవాటుపడ్డవి కాబట్టి అంత తేలిగ్గా చిక్కాయి. పుట్టుకతో అడవిలో పెరిగినదైతే ఇంకా సమయం పడుతుంది. కానీ దశాబ్దాలు పడుతుందంటే నేను నమ్మను.

అయితే 2024లో వచ్చిన ఫలితం దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఇంగ్లండ్ వాయవ్యాన కంబ్రియాలో చచ్చిన గొర్రె మీద తీసిన నమూనాలో పాంథెరా ప్రజాతి డీఎన్ఏ దొరికింది. పరీక్ష చేసింది 2012 నాటి వార్విక్ శాస్త్రవేత్తే. పాంథెరా అంటే పులి, సింహం, చిరుత, జాగ్వార్, మంచు చిరుత. ప్యూమా, లింక్స్, ఇంటి పిల్లి అందులోకి రావు. ఆ నమూనా చేతులు మారే క్రమంలో కలుషితం కాలేదనుకుంటే, రెండో ప్రశ్నకు అది మరో "అవును". మూడోదానికి ఇంకా కాదు. ఒక గొర్రె మీద ఒక జంతువు నోరు పెట్టిందని మాత్రమే అది చెబుతుంది. వేరువేరు చోట్ల, వేరువేరు ఏళ్లలో దొరికిన రెండు నమూనాలు తల్లీపిల్లలవని తేలితే అప్పుడు నా ససేమిరాను పక్కన పెట్టి మళ్లీ లెక్క వేసుకుంటాను.